కూల్‌డ్రింక్‌కి కళ్లెం ఎక్కడ వెయ్యాలి: సీసాకా, ధరకా, చక్కెరకా?

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బెజవాడ బస్టాండులో దిగినవాణ్ణి కూల్‌డ్రింక్ తాగొద్దంటే వింటాడా? వినక్కర్లేదు కూడా. పేచీ అంతా బిర్యానీ పార్శిల్‌తోపాటు రెండు లీటర్ల సీసా ఇంటికి చేరే అలవాటుతోనే. పావు లీటరు కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలు. రోజంతా కలిపి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక్క గ్లాసుతో ఆ లెక్క చెల్లు. టీలో వేసుకునేది అదనం.

సర్కారు ఏం చెయ్యాలి? సైజుకు హద్దు పెట్టాలని 2012లో న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ చూశారు. హోటళ్లలో, సినిమా హాళ్లలో 16 ఔన్సులు, అంటే దాదాపు 470 మిల్లీలీటర్లు మించిన కప్పుల్లో తీపి డ్రింకులు అమ్మకూడదన్నారు. అమలుకు ఒక్కరోజు ముందు, 2013 మార్చిలో, కోర్టు కొట్టేసింది. మన దగ్గర అది అసలు అతకదు. కొట్లో ఎక్కువగా కదిలేవి పది, ఇరవై రూపాయల బుడ్డి సీసాలే. దాహం తీరకపోతే ఇంకోటి తీస్తారు.

ధర పెంచడం అంతకంటే నయం. మెక్సికో 2014 జనవరి నుంచి లీటరుకు ఒక పెసో పన్ను వేస్తే, తొలి ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గాయి. పేద ఇళ్లలో ఇంకా ఎక్కువ తగ్గాయి.

మనకూ పన్ను తక్కువేం లేదు. 2017 నుంచి గ్యాస్ డ్రింకుల మీద 28 శాతం జీఎస్టీ, పైన 12 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ కలిసి 40 శాతం అయింది. తిరకాసు ఏమిటంటే, చక్కెర లేని డైట్ కోలాకీ అదే 40. పక్కనే ఉన్న గ్యాస్ లేని మామిడి డ్రింకుకు మాత్రం 5 శాతమే! తీపిలో అదేం తీసిపోదు. పైగా ‘పళ్లరసమే కదా’ అని బెసెంట్ రోడ్డులో పిల్లాడికి మనమే కొనిపెడతాం. ఈ లెక్కన చక్కెర తగ్గిస్తే కంపెనీకి ఒరిగేదేముంది?

అందుకే నా ఓటు బ్రిటన్ పద్ధతికి. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 పెన్నీలు వేశారు. గడువు రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. ఫాంటా 5 లోపుకు దిగింది. కోకా కోలా పాత రుచే ఉంచుకుని డబ్బు కట్టింది. ఊబకాయం తగ్గిందా అంటే, పది పదకొండేళ్ల ఆడపిల్లల్లో కొంత తగ్గినట్టు కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2023లో చెప్పారు. మగపిల్లల్లో తేడా కనబడలేదు. కాబట్టి ఇదేం సంజీవని కాదు.

బడి గేటుకు 50 మీటర్ల లోపు ఇలాంటివి అమ్మకూడదన్న రూలు 2020 నుంచే కాగితం మీద ఉంది. పటమటలోనో కానూరులోనో ఏదైనా బడి గేటు దగ్గర నిలబడి, చుట్టూ ఎన్ని కొట్లున్నాయో ఓసారి లెక్కపెట్టండి.

చక్కెరను బట్టి పన్నంటే చెరుకురసం బండి, గోలీసోడా కొట్టు తప్పించుకుంటాయని మా వాళ్లే అంటారు. తప్పించుకోనివ్వండి. చెరుకురసం కావాలంటే చెప్పులేసుకుని ఎండలో బండి దాకా నడవాలి. అది రెండు లీటర్ల సీసాలో వారం రోజులు ఫ్రిజ్‌లో కూర్చోదు.