రెండో బుట్ట: రెండున్నరేళ్లు వాడిన తర్వాత

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటితే ఆ వారం దానం బుట్ట మూసేస్తారు. నేను సరుకులు తెప్పించుకునే యాప్‌లో మొదట ఒంటబట్టిన నియమం ఇదే. తొలి రెండు నెలల్లో నాలుగుసార్లు ఆ వేళ దాటాకే గుర్తొచ్చి నొచ్చుకున్నాను. 2023 ఆగస్టులో మొదలుపెట్టాను. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా ఇంటికి వచ్చే సరుకులతో పాటే ఊళ్లో లేనివారికి సరుకులు పంచే ఒక ఫుడ్ బ్యాంకుకూ దాదాపు ప్రతి వారం ఏదో ఒకటి పంపుతున్నాను. యాప్ పేరు రాయడం లేదు. అది ఈ పనిని ఎక్కడ సులువు చేసింది, ఎక్కడ అడ్డుపడింది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

చిన్నబజారులో కిరాణా కొట్టుకు వెళ్లే రోజుల్లో మాకు ఈ ఇబ్బంది లేదు. నెల సరుకుల చీటీ చదువుతూనే కొట్టు యజమాని అడిగేవారు: "ఈసారి ఆశ్రమానికి ఏమైనా కట్టమంటారామ్మా?" పప్పో, బెల్లమో చెబితే వేరే సంచిలో కట్టి పక్కన పెట్టేవారు. వారానికోసారి కాశినాయన ఆశ్రమం వాళ్లు వచ్చి తీసుకెళ్లేవారు. ఫోనులో కొనడం మొదలయ్యాక ఆ అడిగే మనిషి లేకుండా పోయారు. ఇవ్వాలన్న మనసు మాకు తగ్గలేదు, గుర్తుచేసేవారే కరవయ్యారు. బ్రిటన్‌లో ఉంటున్న మా చెల్లెలూ ఇదే మాట అంటుంది. అక్కడి సూపర్ మార్కెట్లలో బిల్లు కట్టి బయటికి వచ్చే దారిలో ఫుడ్ బ్యాంకు కోసం ఒక పెద్ద బుట్ట ఉంటుంది, కొన్న వాటిలోంచి ఒక డబ్బా అందులో వేసి వెళ్తారు. సరుకులు ఇంటికే తెప్పించుకునేవారికి ఆ బుట్ట ఎదురుపడదు.

ఈ యాప్ ఆ బుట్టను ఫోనులోకి తెచ్చింది. డబ్బు కట్టే పేజీకి ముందు "ఈ వారం కావలసినవి" అని ఒక వరుస కనిపిస్తుంది. అక్కడ ఎంచుకున్నవి మన సరుకుల్లో కలవవు. శనివారం ఉదయం అందరి దానాలనూ కలిపి ఒకే బండిలో ఫుడ్ బ్యాంకుకు చేరుస్తారు. దానికి విడిగా డెలివరీ రుసుము లేదు, కనీసం ఇంత కొనాలన్న షరతూ లేదు. అరకిలో ఉప్మారవ్వ పంపినా పంపినట్టే. చేతిలో డబ్బు తక్కువగా ఉండే నెలాఖరులో ఈ వెసులుబాటు విలువ నాకు బాగా తెలిసింది.

అంతకుముందు వాడిన మరో యాప్‌లో దానం అంటే బిల్లు చివర మూడు రూపాయల గడి. అది ముందే టిక్కు పెట్టి ఉండేది. ఎన్ని నెలలు కట్టానో, ఆ డబ్బు ఏ ఊరికి చేరిందో నాకు తెలియదు. అడక్కుండా బుట్టలో వస్తువుగానీ, దానం పేరుతో డబ్బుగానీ కలపడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చాయి. నాకైతే అందులో చట్టం కన్నా పెద్ద విషయం ఉంది. తెలియకుండా తీసుకున్నది మూడు రూపాయలైనా అది దానం కాదు. ఇచ్చినవారికి తృప్తి ఉండదు, రేపు మళ్లీ ఇవ్వాలనీ అనిపించదు. ఇప్పటి యాప్‌లో ఏ గడీ ముందే నిండి ఉండదు. నేను వేలితో నొక్కితేనే పప్పు బుట్టలోకి వెళ్తుంది.

అసలు మేలు చేసింది ఆ జాబితానే. దాన్ని యాప్ వాళ్లు రాయరు, ఫుడ్ బ్యాంకు నడిపేవారు రాస్తారు. మొదట్లో జాబితా చూడకుండా అయిదు కిలోల బియ్యం సంచి పంపేదాన్ని. నెల్లూరులో పుట్టినవాళ్లకు దానం అంటే ముందు తోచేది బియ్యమే కదా! మూడో నెలలో ఒకసారి అక్కడికి వెళ్తే సరుకులు సర్దుతున్న ఆవిడ మొహమాటపడుతూనే చెప్పారు: "బియ్యం వద్దమ్మా, కందిపప్పు పంపించండి. నూనె ఉంటే ఇంకా మంచిది." ఆవిడ వివరించాక నాకు అర్థమైంది. ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం అందుతాయి, 2023 జనవరి నుంచి అవి ఉచితం. కూలి దొరకని వారం ఆ ఇంట్లో అన్నం ఉడుకుతుంది, అందులోకి కలుపుకోవడానికి ఏమీ ఉండదు. పప్పు, నూనె, చింతపండు, కారం డబ్బు పెట్టి కొనాల్సినవే. రొయ్యల చెరువుల దగ్గరికి, ఇటుక బట్టీల దగ్గరికి బయటి నుంచి పనికి వచ్చి, ఇక్కడ కార్డు లేనివారికి మాత్రం బియ్యం కావాలి. ఆ బియ్యాన్ని ఫుడ్ బ్యాంకు మిల్లు నుంచే తెచ్చుకుంటుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది, అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు కడుతున్నారు. నేను యాప్‌లో చిన్న సంచికి పెట్టే డబ్బుతో వాళ్లకు బస్తా ధరలో ఎక్కువ బియ్యం వస్తాయి. అప్పటి నుంచి బియ్యానికైతే నేరుగా డబ్బు ఇస్తున్నాను, పప్పు నూనెలు బుట్టలో వేస్తున్నాను. వస్తువా, డబ్బా అని వాదించేవారికి నా అనుభవం చెప్పే జవాబు ఇదే: ఏ వస్తువన్నదాన్ని బట్టి ఉంటుంది. (వస్తువుగా ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో దానాల మినహాయింపు రాదు. దాని కోసం ఇచ్చేవారు ముందే తెలుసుకోవడం మంచిది.)

ఇక లోపాలు. కందిపప్పు అయిపోయినప్పుడు నాకు ఒక్క మాట చెప్పకుండా దాని బదులు ఓట్స్ ప్యాకెట్లు పంపారు. నెలన్నర తర్వాత వెళ్లి చూస్తే అవి అక్కడే, అదే అరలో ఉన్నాయి. పిల్లలు తినలేదని, ఎలా వండాలో చాలామందికి తెలియదని అన్నారు. మా ఇంటి సరుకుల్లో బదులు వస్తువు పంపాలంటే నన్ను అడిగే యాప్, దానం బుట్ట విషయంలో ఎందుకు అడగదు? మూడుసార్లు ఫిర్యాదు చేశాక ఆ డబ్బు వెనక్కి వచ్చింది. అడిగే పద్ధతి మాత్రం ఇంకా రాలేదు.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నెల్లూరు వానల్లో మునిగిపోయింది. మంగళవారం తుపాను తీరం దాటింది. లోతట్టు కాలనీల వాళ్లు పొయ్యి వెలిగించుకోలేని స్థితిలో ఉంటే, యాప్‌లో దానం బుట్ట ఎప్పటిలాగే "శనివారం చేరుతుంది" అని చూపించింది. జాబితాలో ఇంకా కందిపప్పే ఉంది. ఆ రోజు కావలసింది బ్రెడ్డు, బిస్కెట్లు, పాలపొడి, కొవ్వొత్తులు. చివరికి మా వీధివాళ్లం కలిసి దుకాణానికి వెళ్లి కొని ఆటోలో తీసుకెళ్లాం. జాబితాను ఏ రోజైనా మార్చుకునే వీలు ఫుడ్ బ్యాంకు చేతికే ఇవ్వాలని అప్పుడే రాసి పంపాను. 2024లో ఆ వీలు ఇచ్చారు. బండి మాత్రం ఇప్పటికీ శనివారమే కదులుతుంది.

గడువు తేదీల సంగతీ చెప్పాలి. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం కొనేవారికి చేరేసరికి నిల్వ గడువులో 30 శాతమో, లేదా కనీసం 45 రోజులో మిగిలి ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024 నవంబరులో చెప్పింది. అంటే నలభై రోజుల గడువు మిగిలిన బిస్కెట్ల పెట్టె నాబోటి వారి ఇంటికి రాకపోవచ్చు, కానీ వారంలోపే పంచేసే ఫుడ్ బ్యాంకుకు అది బంగారం. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి అదే సంస్థ 2019లోనే నిబంధనలు చేసింది కూడా. గోదాములో అలా పక్కన పడే సరుకును శనివారం బండిలోనే ఎక్కించమని అడుగుతూ వచ్చాను. ఏడాదిగా "పరిశీలిస్తున్నాం" అనే జవాబే వస్తోంది. ఇది జరిగితే నేను పంపే రెండు కిలోల పప్పు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సాయం అవుతుంది. అందుకే అడగడం మానను.

అన్నిటికన్నా నచ్చినది ఒక చిన్న విషయం. శనివారం మధ్యాహ్నం ఒక సందేశం వస్తుంది: ఏమి చేరింది, ఎంత చేరింది, అరలో సర్దిన సరుకుల ఫొటో. తీసుకున్నవారి ముఖాలు ఒక్కసారి కూడా రాలేదు. సంచి చేతిలో పెట్టి ఫొటోకు నిలబెట్టే పద్ధతి చూసి మనసు విరిగినదాన్ని నేను. మా ఊరి రొట్టెల పండుగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టె ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే నీళ్లలో నిలబడతారు. అక్కడ ఎవరి తలా వంగదు. ఆ మర్యాద ఈ సందేశంలో నాకు కనిపించింది. ఇన్నాళ్లూ ఆపకుండా పంపడానికి తగ్గింపు ధరల కన్నా ఇదే పెద్ద కారణం.

ప్రతి వారం దానంతటదే వెళ్లేలా పెట్టుకునే సౌకర్యం గత ఏడాది వచ్చింది. కిలో కందిపప్పు, లీటరు నూనె అలా పెట్టి ఉంచాను. శుక్రవారం తొమ్మిది గంటల భయం పోయింది. అయినా జాబితా చూడటం మానలేదు, ఎందుకంటే అవసరం నెలనెలకూ మారుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో మైపాడు, జువ్వలదిన్నె వైపు నుంచి ఫుడ్ బ్యాంకుకు వచ్చే కుటుంబాలు పెరుగుతాయి. సంక్రాంతికి, రంజాన్‌కు నిండే అరలు సరిగ్గా అప్పుడే ఖాళీగా ఉంటాయి. గత వేసవిలో మే మూడో వారం దాకా జాబితాలో ఆ మార్పు కనిపించలేదు. ఈసారి మార్చి చివరిలోనే ఫుడ్ బ్యాంకు ఆవిడకు ఫోను చేశాను. పప్పు, నూనెతో పాటు స్కూళ్లు తెరిచేలోపు పిల్లలకు అటుకులు, బెల్లం కావాలన్నారు. ఆ రెండూ ఏప్రిల్ రెండో వారం నుంచి నా బుట్టలో చేర్చి పెట్టుకున్నాను.