షాపు కంప్యూటర్లో వైన్: నా రివ్యూ

మా బావ కిరాణా షాపు కంప్యూటర్ 2015లో కొన్నది, 4 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 వేద్దామంటే ఆ ప్రాసెసర్ జాబితాలోనే లేదు. కొత్తది కొనడం బావకి ఇష్టం లేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చడం అసలే ఇష్టం లేదు, ఎందుకంటే అది ఎప్పుడో ఒక కుర్రాడు వీబీ6 (పాత విజువల్ బేసిక్ భాష)లో రాసిచ్చింది, ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి, ఆ కుర్రాడి ఫోన్ ఇప్పుడు మోగదు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించి, వైన్ వేస్తానన్నాను. "షాపులో వైన్ ఏంట్రా, మీ అక్క చూస్తే చంపుతుంది" అన్నాడు.

వైన్ అంటే విండోస్ ప్రోగ్రాములని లినక్స్, మ్యాక్‌లలో నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. 1993లో మొదలైంది, 1.0 రావడానికి 2008 దాకా పట్టింది. వర్చువల్ మెషీన్‌లాగా లోపల ఇంకో విండోస్ పెట్టదు, ప్రోగ్రామ్ విండోస్‌ని అడిగే పనులని లినక్స్‌కి తెలిసే పనులుగా మార్చి చేయిస్తుంది, అందుకే 4 జీబీలో కూడా సుఖంగా నడుస్తుంది.

మొదటిసారి క్లిక్ చేస్తే మాత్రం ఎర్రర్ బాక్స్ వచ్చింది. 32 బిట్ ప్రిఫిక్స్ (వైన్ తన సీ డ్రైవ్, సెట్టింగులు పెట్టుకునే ఫోల్డర్) వేరేగా చేసి, వైన్‌ట్రిక్స్ అనే సహాయక స్క్రిప్టుతో వీబీ6 ప్రోగ్రాములకి కావాల్సిన రన్‌టైమ్ ఫైళ్లు, పాత డేటాబేస్ ఇంజిన్ జెట్ 4.0 వేశాక తెరుచుకుంది. ఒక పూటంతా అక్కడే పోయింది. తర్వాత ఇంకో టెన్షన్, ఏప్రిల్ 5 బిల్లు మే 4 అన్నట్టు 4/5 అని పడింది! తప్పు నాదే, మింట్ వేసేటప్పుడు అమెరికా ఇంగ్లిష్ ఎంచుకున్నాను, అందులో నెల ముందు వస్తుంది, వైన్ తారీఖు పద్ధతిని అక్కడినుంచే తీసుకుంటుంది. ఇండియా ఇంగ్లిష్‌కి మార్చాక సరైంది. ప్రింటర్ మింట్‌లో పనిచేస్తే చాలు, వైన్‌లోనూ కనబడుతుంది. యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో ఉన్న కాటా కూడా విండోస్ పేరుతో కామ్ పోర్టు (సీరియల్ పోర్టు)గా వచ్చింది, కాకపోతే యూజర్‌ని ఆ పోర్టు వాడే అనుమతి ఇచ్చే డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలి. ఆ సంగతి తెలియక రెండు కేబుళ్లు మార్చాను.

నాకు బాగా నచ్చింది బ్యాకప్. ప్రోగ్రామ్ చూసే సీ డ్రైవ్ అంతా మన హోమ్‌లో దాచిన ఒక ఫోల్డరే, దాన్ని మూటకట్టి పెన్‌డ్రైవ్‌లో పెడితే పనైపోయింది.

అందరికీ వేసుకోమని మాత్రం చెప్పను. సొంత డ్రైవర్ అడిగే లైసెన్స్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే తాళం లాంటిది) మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆశ పెట్టుకోకండి, కొత్త మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ప్యాకేజీలకైతే అసలు ప్రయత్నించి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, ఉచిత లిబ్రె ఆఫీస్ ఉంది కదా. వైన్‌లో వైరస్ రాదనుకునేవాళ్లకి ఒక మాట: ఎక్కడినుంచో తెచ్చిన ఎక్జిక్యూటబుల్ ఫైల్ నొక్కితే అది లినక్స్ ఫైళ్లన్నీ కనబడే జెడ్ డ్రైవ్ దారిలో మీ ఫోటోలదాకా వెళ్లగలదు. వైన్‌ని రూట్ (అన్ని అనుమతులూ ఉన్న యూజర్)గా అస్సలు నడపకండి.

ఖర్చు సున్నా, పోయింది నా ఆదివారం ఒక్కటే. పాత, చిన్న, ఇంటర్నెట్ అక్కర్లేని ప్రోగ్రాములకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ కోసింది ఎర్రర్ మెసేజ్‌లకి, అవి చదివి అసలు ఏం తక్కువైందో కనుక్కోవడం బావ వల్ల అయ్యే పని కాదు, అందుకే ఇప్పటికీ ఫోన్ నాకే వస్తోంది.