టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ105: ఒక్క కనెక్షన్, నాలుగు కంప్యూటర్లు

రౌటర్ వెనక పోర్టులు చాలనప్పుడు, లేదా నాలుగు కంప్యూటర్లున్న గదికి ఒక్క కేబులే లాగగలిగినప్పుడు ఈ చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక్క కేబుల్ కనెక్షన్‌ను పలు పోర్టులకు పంచే పెట్టె) బాగా పనికొస్తుంది. పోర్టులు అయిదు. ఒకటి రౌటర్‌కు పోతుంది, మిగిలేవి నాలుగే. కొనేముందు ఈ లెక్క చూసుకోండి. రౌటర్ కేబుల్ ఏ పోర్టులో పెట్టినా పరవాలేదు. బాడీ లోహంది, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడూ లేదు. సెట్టింగులు అసలే లేవు. వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) కావాలంటే పేరు చివర 'ఈ' ఉన్న ఎస్‌జీ105ఈ తీసుకోవాలి.

చాలామంది తడబడేది కనెక్షన్ ఇచ్చే దగ్గరే. స్విచ్ ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌ను గుర్తించే నంబర్లు) పంచదు, ఆ పని రౌటర్‌ది. ఉత్త మోడెమ్‌కు నేరుగా తగిలిస్తే సాధారణంగా ఒక్క కంప్యూటర్‌కే నెట్ వస్తుంది, మిగతావి అడ్రస్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మోడెమ్, రౌటర్, ఆ తర్వాతే స్విచ్. రౌటర్‌లో కేబుల్ పెట్టాల్సింది ల్యాన్ పోర్టులో, అంటే ఇంట్లోని కంప్యూటర్లకు వెళ్లే పోర్టులో.

ఇది గిగాబిట్ స్విచ్, అంటే 1000 ఎంబీపీఎస్. "గిగాబిట్ అన్నారు, 94 ఎంబీపీఎస్ దాటట్లేదు" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం కేబులే. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు చాలు. ఒక జత తెగినా, క్రింపింగ్ (కేబుల్ కొసకు ప్లగ్ బిగింపు) సరిగా లేకున్నా లింక్ చడీచప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి: 1000/1000 ఉండాలి. 100 కనిపిస్తే ముందు కేబుల్ మార్చి చూడండి. క్యాట్5ఈ రకం కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవకే గానీ, దాని జోలికి పోవద్దు.

ఒకే కేబుల్ రెండు కొసలూ ఇదే స్విచ్‌లో గుచ్చారో, ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. డేటా ప్యాకెట్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. స్పానింగ్ ట్రీ (ఇలాంటి చుట్టును కనిపెట్టి ఆపే ఏర్పాటు) లేని స్విచ్ కాబట్టి ఆపే దిక్కుండదు. టేబుల్ కింద కేబుళ్ల చిక్కుముడి ఉన్నచోట ఇది మామూలే.

కంప్యూటర్ల మధ్య ఫైళ్ల కాపీ స్విచ్‌లోనే జరుగుతుంది, రౌటర్ దాకా పోదు. పెద్ద ఫైళ్లతో పనిచేసేవాళ్లకు డబ్బు గిట్టేది ఇక్కడే.

పాత రౌటర్ మూలన పడి ఉంటే దాన్నీ స్విచ్‌లా వాడొచ్చు: డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపండి, మెయిన్ రౌటర్ అడ్రస్‌తో తగాదా రాకుండా దాని ఐపీ మార్చండి, కేబుల్ వ్యాన్ (ఇంటర్నెట్ లోపలికి వచ్చే) పోర్టులో కాక ల్యాన్‌లో పెట్టండి. పాతవాటిలో చాలావరకు పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, అందుకే ఈ స్విచ్ మేలు.

ఒకరు బ్యాకప్ అప్‌లోడ్ పెడితే ఇంకొకరి వీడియో కాల్ తెగుతోందా? దానికి ఈ స్విచ్ దగ్గర మందు లేదు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో నిర్ణయించే సెట్టింగ్) ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన అంకెలో 85–90 శాతం దగ్గర పెట్టండి.