మొక్కల వ్యాపారంలో వాట్సాప్ బిజినెస్: నాలుగేళ్లు వాడాక చెబుతున్నా

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. సగం బేరాలు ఈ యాప్ మీదే నడుస్తున్నాయి. నా రేటింగ్ 5కి 4.

దీన్ని ఎందుకు పట్టుకున్నానంటే, హైదరాబాద్ పార్టీ ఒకాయన ఫోన్లో ఆరడుగుల ఫాక్స్‌టెయిల్ పామ్ మొక్కలు 120 కావాలన్నారు, మేం మొక్క ఉన్న ప్లాస్టిక్ కవర్ కింది అంచు నుంచి కొలిచి ఆరడుగులవి లారీ ఎక్కించాం, ఆయన లెక్కేమో మట్టి పైనుంచి. లోడు దిగగానే ఫోన్: "ఏవండీ, ఇవి ఐదడుగులు కూడా లేవు కదా!" రేటు తగ్గించుకోక తప్పలేదు, చాలా బాధేసింది. ఇప్పుడు కొలకర్రని మట్టి దగ్గర ఆనించి ఫొటో తీస్తాం, కింద కవర్ సైజు, రేటు, ఎన్ని మొక్కలో రాసి పంపుతాం, అటునుంచి "ఓకే అండి" అని వస్తేనే లోడింగ్. అప్పట్నుంచి సైజు గొడవ ఒక్కటీ రాలేదు.

నాకు బాగా పనికొచ్చింది లేబుల్స్, అంటే ఒక్కో చాట్‌కి తగిలించుకునే గుర్తులు. అడ్వాన్స్ వచ్చింది, లోడింగ్, బాకీ అని మూడు పెట్టుకున్నా, పొద్దున్నే 'బాకీ' నొక్కితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది. బ్యాంక్ వివరాలు, నర్సరీ లొకేషన్ లింకు క్విక్ రిప్లైలో (ముందే రాసి దాచుకునే జవాబుల్లో) పెట్టుకుంటే స్లాష్ కొట్టగానే వచ్చేస్తాయి. సరుకు ఫొటోలు, రేట్లు పెట్టుకునే కేటలాగ్ మాత్రం మాకు అంతంతే, మొక్క నెలనెలా పెరుగుతుంది, సైజుతో పాటు రేటూ మారుతుంది, ఎన్నని మారుస్తాం. పూతరేకులు, పచ్చళ్లు అమ్మేవాళ్లకైతే బాగుంటుంది.

బుర్రిలంకలో మాకు మొక్కలిచ్చే పెద్దాయనకి టైపింగ్ రాదు. "బాబూ, మందారాలు రెండొందలు రెడీ, బండి పంపు" అని వాయిస్ పెడతారు. వెనకాల మోటార్ శబ్దంతో సహా వినిపిస్తుంది. విన్నాక అంకెలు నేనే టైప్ చేసి తిరిగి పంపుతా, ఆయన మనవరాలు చదివి వినిపిస్తుంది.

ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకే, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. అందుకే కొత్త పార్టీ రాగానే "మా నంబర్ సేవ్ చేసుకోండి" అని ముందే అడుగుతా. ఒక మార్కు తగ్గించింది ఇందుకే.

ఇంకోటి, మీ షాపు బోర్డు మీద పాత ల్యాండ్‌లైన్ నంబర్ ఉంటే దాంతోనే రిజిస్టర్ చేసుకోవచ్చు, కోడ్ కాల్‌లో చెబుతుంది. బోర్డు మార్చక్కర్లేదు.