పోపు పెట్టే ఇంటికి సబ్‌వే టైల్స్ బదులు ఏం వేయించాలి: మా 2×4 టైల్స్ రివ్యూ

పొయ్యి వెనక గోడకి తెల్ల సబ్‌వే టైల్స్ వేయించాలని చూస్తున్నవాళ్లు కాస్త ఆగండి. ఇంటీరియర్ వాళ్లు చూపించే ఫొటోల్లో అవి చాలా బాగుంటాయి, నిజమే. 1904లో న్యూయార్క్ భూగర్భ రైల్వే (సబ్‌వే) మొదలైనప్పుడు స్టేషన్ల గోడలు శుభ్రంగా, వెలుతురుగా కనపడాలని హైన్స్, లాఫార్జ్ అనే ఆర్కిటెక్టులు వాడించిన 3×6 అంగుళాల గ్లేజ్ టైల్ అది, తడిగుడ్డ పెడితే మరక ఇట్టే పోతుంది కాబట్టి టైల్‌కి వంక పెట్టను. బాధంతా టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉండే జాయింట్‌తోనే.

ఒక్కసారి లెక్కేసి చూడండి. గట్టు 8 అడుగుల పొడవు, దాని మీద నుంచి పై అల్మారా దాకా 2 అడుగుల ఎత్తు అనుకుంటే 128 టైల్స్ పడతాయి, వాటి మధ్య జాయింట్లన్నీ కలిపితే దాదాపు 86 అడుగులు! అదంతా మామూలు సిమెంట్ గ్రౌట్‌తో నింపితే అది నూనెనీ నీళ్లనీ పీలుస్తుంది, ఇక పులిహోర పోపులో ఆవాలు చిటపటమన్నప్పుడు ఎగిరే నూనెలో పసుపు ఉండనే ఉంటుంది కదా, అది ఆ గీతల్లోకి దిగితే బ్రష్ పెట్టి రుద్దినా పూర్తిగా వదలదు. ఎపాక్సీ అనే జిగురుతో చేసే గ్రౌట్ అయితే మరక పీల్చదు, కానీ ఖర్చెక్కువ, పైగా అది గట్టిపడేలోపే మేస్త్రి ప్రతి టైల్‌నీ తుడిచేయాలి, అన్ని చిన్న టైల్స్ మీద అంత ఓపిగ్గా చేసే మనిషి దొరకడమే కష్టం.

అందుకే మేం లేత బూడిద రంగు 2×4 అడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయించాం, గ్లాసీ ఫినిష్. అడ్డంగా పెడితే అదే 8 అడుగుల గోడకి రెండంటే రెండు టైల్స్, మధ్యలో నిలువుగా 2 అడుగుల జాయింట్ ఒక్కటే. పొయ్యి ఎడమ టైల్‌కి నడిమధ్యన వచ్చేలా పెట్టించాం కాబట్టి ఆ జాయింట్ దాకా నూనె చిందదు. వంటయ్యాక గిన్నెల లిక్విడ్ ఒక చుక్క వేసిన తడిగుడ్డతో పైనుంచి కిందికి లాగితే చాలు, పసుపు చుక్కలతో సహా వచ్చేస్తాయి. మా అత్తయ్య ముందు "ఆసుపత్రి గోడలా ఉందేమిటమ్మా" అన్నారు, ఇప్పుడు ఆ గోడ తుడిచే పని ఆవిడే ఎవరికీ ఇవ్వరు.

లోపాలు లేవని కాదు. ఇంత పెద్ద టైల్ కింద గోడ ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా అంచు దగ్గర తేడా కనపడిపోతుంది, ముందు గోడ సమంగా చేయించుకోవాలి. విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపుగా పీల్చదు కాబట్టి సిమెంట్ పాలకి సరిగ్గా అంటుకోదు, టైల్ అడ్హెసివ్‌తోనే వేయాలి. మా మేస్త్రి "సిమెంటే చాలు సార్" అని చాలాసేపు వాదించాడు, ఒప్పుకోవద్దు. స్విచ్‌బోర్డు కోసం కోసేటప్పుడు నాలుగు మూలలా ముందు డ్రిల్ చేసి తర్వాత కట్ చేయమనండి, లేకపోతే మూల నుంచి పగులు పాకుతుంది. ఇంకోటి, అల్మారా కింద ఎల్ఈడీ స్ట్రిప్ పెడితే గ్లాసీ టైల్‌లో ఆ చుక్కలన్నీ అద్దంలోలా కనపడతాయి, లైట్ మీద డిఫ్యూజర్ (వెలుతురుని పరిచే తెల్లటి మూత) తప్పనిసరి.

మిగతా వాటిలో నాకు బాగా నచ్చింది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. గట్టుకి వాడిన రాయినే గోడకి కూడా ఎక్కించేస్తే జాయింటే ఉండదు, ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు లైట్ పడినప్పుడు మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. మా వంటగదికి ఒకే చిన్న కిటికీ, చీకటి పడుతుందని వదిలేశాం గానీ వెలుతురు ఉన్న ఇంటికి అదే నా మొదటి ఓటు. రంగు అద్దం కూడా బాగుంటుంది, కాకపోతే సాకెట్ల రంధ్రాలన్నీ అద్దాన్ని టఫెన్ చేయకముందే (కాల్చి గట్టిపరచకముందే) కోయించాలి, తర్వాత ఒక్క అంగుళం జరపాలన్నా కుదరదు. క్వార్ట్జ్‌లో రెసిన్ (రాతిపొడిని పట్టి ఉంచే జిగురు) ఉంటుంది, పెద్ద మూకుళ్లు పొయ్యిని దాటి గోడకి ఆనుకునే ఇంట్లో వేడికి రంగు మారే ప్రమాదం ఉంది.

మొరాకో జెల్లీజ్ (గ్లేజ్ వేసిన మట్టి టైల్స్), తమిళనాడులోని చెట్టినాడు ఆత్తంగుడి టైల్స్ అంటే నాకు ప్రాణం. చేత్తో చేసినవి, ఏ రెండూ ఒకేలా ఉండవు. కానీ ఆత్తంగుడిది సిమెంట్ టైల్, సీలర్ వేసినా నిమ్మరసం, చింతపండు పులుసు దాన్ని తినేస్తాయి. అది భోజనాల బల్ల పక్క గోడకి వేయించుకోండి, అక్కడ దాని అందం దానిదే. మేం కాఫీ కలుపుకునే మూలకి మాత్రం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే, చేత్తో చేసినట్టు అలలు అలలుగా ఉండే పచ్చ టైల్స్ పెట్టాం, పొద్దున ఎండ పడితే ఆ పచ్చదనం చూస్తూ నిలబడిపోతాను.

ఏది కొన్నా అన్ని పెట్టెల మీదా షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకటేనా చూసుకుని, ఒక టైల్ ఎక్కువ తీసుకుని అటక మీద దాచండి. మేం కొన్న షాపువాడు వేరే బ్యాచ్ పెట్టె ఒకటి కలిపి పంపించాడు, అతికించకముందే చూశాం కాబట్టి మార్పించగలిగాం.