తలకిందుల కోటకు రెండో యాత్ర

మొదటిసారి ఈ కోటకు వెళ్ళినప్పుడు సగమే చూసి తిరిగొచ్చానని నాకు చాలా ఏళ్ళ దాకా తెలీదు. అంతా చూసేశానని అందరికీ చెప్పుకున్నాను కూడా. పై అంతస్తు సింహాసనం గదిలో ఉన్నవాణ్ణి ఓడించాను, ముగింపు దృశ్యం వచ్చింది, పేర్లు పడ్డాయి. ఇంకేం మిగులుతుంది? ఆ తర్వాతెప్పుడో ఒక మిత్రుడు మాటల్లో "తలకిందుల కోటలో సంగీతం నచ్చిందా?" అని అడిగాడు. ఏ తలకిందుల కోట అని నేను ఎదురు అడిగాను. వాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఈ రెండో ప్రయాణం. ఎక్కడికంటే, క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్ అనే వీడియో గేమ్‌లో ఉన్న డ్రాక్యులా కోటకి. జపాన్ కంపెనీ కొనామి దీన్ని 1997లో ప్లేస్టేషన్ కోసం తెచ్చింది. ఆ రోజుల్లో అందరూ త్రీడీ వెంట పడుతుంటే, వీళ్ళు టూడీ బొమ్మలతోనే, పక్కనుంచి చూసే పద్ధతిలోనే ఇంత పెద్ద కోట కట్టారు. కథాకాలం 1797. మనం అలుకార్డ్, డ్రాక్యులా కొడుకు. తండ్రి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే కొడుకు పేరు వస్తుంది. కోట రహస్యం మొత్తం ఆ పేరులోనే పెట్టి మొదటి నిమిషంలోనే నా చేతికిస్తే, నాకు తట్టలేదు.

గుమ్మం దగ్గర ఆతిథ్యం గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఇంత ఘోరంగా ఇంకెక్కడా ఉండదు. అలుకార్డ్ మంచి కత్తి, డాలు, కవచం, శిరస్త్రాణం, అంగీ వేసుకుని దర్జాగా లోపలికి వస్తాడు. అడ్డొచ్చిన తోడేళ్ళు, మృతదేహాలు ఒక్క దెబ్బకి పడిపోతుంటాయి. కొన్ని గదులు దాటగానే మృత్యుదేవత ఎదురై, రెండు మాటలు మాట్లాడి, సామానంతా లాగేసుకుని మాయమైపోతుంది. అక్కడినుంచి ఉత్త చేతులతో నడక. మొదటిసారి ఒళ్ళు మండిపోయింది. ఈసారి విషయం తెలుసు కాబట్టి, ఆ కత్తి చేతిలో ఉన్న కొద్ది నిమిషాలూ అటూ ఇటూ తిరుగుతూ, అవసరం లేకపోయినా ఊపుతూ గడిపాను. అప్పగించేముందు మురిసిపోవడం తప్పు కాదు కదా.

తిండి సంగతి. కోటలో భోజనశాల ఉంది కానీ బల్ల దగ్గర కూర్చున్నది ఓల్‌రాక్స్ అనే పిశాచి. మనల్ని కూర్చోమనడు. మన భోజనం గోడల్లో ఉంటుంది. అనుమానం వచ్చిన గోడను కొడితే ఇటుకలు రాలి, వెనకాల వేడివేడిగా వేయించిన మాంసం ప్లేటు కనబడుతుంది. ఎవరు పెట్టారో, ఎన్నాళ్ళ క్రితం పెట్టారో అడగకూడదు. పల్లీలు కూడా దొరుకుతాయి. వాటిని వాడితే అలుకార్డ్ గింజను గాల్లోకి ఎగరేస్తాడు. అది కిందికి వచ్చేటప్పుడు సరిగ్గా నోటికింద నిలబడకపోతే నేలపాలే. ఇంత రాజకుమారుడు పల్లీ కోసం నోరు తెరుచుకుని వెనక్కీ ముందుకీ జరగడం చూస్తే, ఈ కోట కట్టినవాళ్ళకి హాస్యం తెలుసని నమ్మకం కలుగుతుంది.

బసకు సేవ్ గదులున్నాయి. గాల్లో ఒక పలకల రాయి మెల్లగా తిరుగుతుంటుంది. దాన్ని తాకితే అలుకార్డ్ శవపేటికలోకి వెళ్ళి విశ్రాంతి తీసుకుంటాడు. ప్రాణం నిండిపోతుంది, విషం ఎక్కి ఉంటే దిగిపోతుంది. శుభ్రత బాగుంది, అద్దె లేదు, పిశాచాలు లోపలికి రావు. ఒకటే బాధ, ఇక్కడికి చేరకముందే చచ్చిపోతే కిందటి బస దగ్గరినుంచి మళ్ళీ మొదలు. అరగంట తిరిగి దొరికించుకున్న వస్తువులు, నేర్చుకున్న దారి, అన్నీ గాలికి. అడుగడుగునా తనంతట తానే సేవ్ అయ్యే ఆటలకి అలవాటు పడ్డ నాకు ఈసారి మొదటి రోజే రెండుసార్లు ఇలా అయింది. మూడోసారి మాత్రం ప్రాణం పావువంతు మిగలగానే వెనక్కి తిరిగి బస వెతుక్కున్నాను. నిజం చెప్పాలంటే ఆ టెన్షన్ నాకు నచ్చింది. తలుపు తెరిచి ఆ తిరిగే రాయి కనబడినప్పుడు కలిగే ఊరట, ప్రతి గదిలోనూ సేవ్ చేసే ఆటల్లో నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఆ ఊరటనే వాడుకుని మోసం చేసే బస ఒకటుంది, జాగ్రత్త. భూగర్భ గుహల్లో, నీళ్ళ పక్కన. చూడ్డానికి అచ్చం సేవ్ గదే. అలసిపోయి వెళ్ళి తాకితే నిద్ర పడుతుంది, పీడకల మొదలవుతుంది. కొయ్యకు కట్టేసిన తల్లి లీసా చనిపోతూ కొడుకుతో మాట్లాడుతుంది. ఆ మాటలు ఆమె అనేవి కావని అలుకార్డ్ పసిగడతాడు. తల్లి రూపం కరిగి, లోపలున్న సక్యుబస్ అనే ఆడ పిశాచి బయటపడుతుంది. భయపెట్టే గదులు ఈ కోటలో చాలా ఉన్నాయి గానీ, మనం నమ్మి పడుకునే చోటునే ఉచ్చు చేసింది ఇదొక్కటే. రేటింగ్ ఇవ్వమంటే బసగా సున్నా, ఊహగా నూటికి నూరు.

కొట్టు ఒకటే. లాంగ్ లైబ్రరీలో ముసలి గ్రంథపాలకుడు ఎత్తైన కుర్చీలో కూర్చుని వ్యాపారం చేస్తాడు. డబ్బు ఎక్కడినుంచంటారా? కోటంతా వెలుగుతున్న కొవ్వొత్తులు పగలగొడితే నాణేలు రాలతాయి. ఆయన మన దగ్గర కొనేది రత్నాలు మాత్రమే. పాత కత్తులు, కవచాలు తీసుకోడు. అందుకని సంచిలో చెత్త పెరుగుతూనే ఉంటుంది. ముందుగా కొనాల్సింది నీలం తలుపులు తెరిచే రాయి, 500 నాణేలు. అది లేకుండా సగం దారులు మూసుకునే ఉంటాయి. లైబ్రరీ కార్డులు కూడా రెండు మూడు కొని దగ్గర పెట్టుకోండి. ఎక్కడున్నా వాడగానే తిన్నగా ఆయన ముందుకొచ్చి పడతాం. ఇంకో చిలిపి సేవ ఉంది. ఆయన కుర్చీ కింద గదిలోకి వెళ్ళి, ఎత్తుకి ఎగిరే శక్తి దొరికాక నేరుగా పైకి ఢీకొడితే, పాపం ఆయన కుర్చీతో సహా ఎగిరిపడి వస్తువులు జారవిడుస్తాడు. ముసలాయన్ని అలా చేయడం నాకు సిగ్గనిపించింది. మూడుసార్లు చేశాను.

లైబ్రరీ గురించి ఇంకొంచెం. ఈ ఆట సంగీతం మిచిరు యమానేది. లైబ్రరీలో మోగే హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాద్యం) వింటూ, ఎగిరే పుస్తకాల మధ్య నేను ఏ పనీ లేకుండా చాలాసేపు నిలబడ్డాను. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం సంగీతం. ప్రార్థనా మందిరంలో ఆర్గాన్ గంభీరంగా వినిపిస్తే, గుమ్మం దగ్గర గిటార్ రాక్ మోగుతుంది. చదివితే పొసగదనిపిస్తుంది గానీ నడుస్తుంటే ఎక్కడా అడ్డు తగలదు. మాటల సంగతి వేరు. ఇంగ్లీషు డబ్బింగ్ అప్పట్లోనే నవ్వులపాలైంది, ఇప్పటికీ అంతే. 2007లో పీఎస్‌పీకి, అంటే చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్‌కి, తెచ్చినప్పుడు మళ్ళీ కొత్తగా చెప్పించారు. నాకు పాతదే ఇష్టం, ఊళ్ళో నాటకంలో పద్యం గొంతెత్తి పాడినట్టు ఉంటుంది.

ప్రార్థనా మందిరంలో ఒక సేవను పరిచయం చేయకపోతే ఈ రాత వృథా. మెట్ల దారి పక్కన పాపసంకీర్తనం చెప్పుకునే చెక్క గది ఉంది. అందులో కూర్చుంటే అవతలివైపు ఫాదర్ ఆత్మ వచ్చి కూర్చుంటుంది. మంచి ఆత్మ అయితే మన మాట విని, ద్రాక్షరసం ఇచ్చి వెళ్తుంది. చెడ్డదైతే తెర మూసి, లోపలికి ఈటెలు దింపుతుంది. ఎవరొస్తారో ముందు తెలీదు. మొదటి యాత్రలో నాకు వరసగా ఈటెలే పడ్డాయి. ఆ తర్వాత అటువైపు వెళ్ళడమే మానేశాను.

రవాణా పరవాలేదు. గుహల్లో ముసుగేసుకున్న పడవవాడున్నాడు. మాట్లాడడు, డబ్బు అడగడు, ఎక్కితే అవతలి ఒడ్డుకి తీసుకెళ్తాడు. వేగం మాత్రం అడక్కండి. దూరం గదుల మధ్య క్షణంలో ఇంకో చోటికి చేర్చే టెలిపోర్ట్ గదులున్నాయి గానీ మనం అనుకున్న చోటికి తిన్నగా పోవు. ఒకదాని తర్వాత ఒకటిగా వరసలోనే తిప్పుతాయి, సర్కులర్ బస్సు లాగ. ఒక ప్రాంతం నుంచి ఇంకోదానికి వెళ్ళే దారిలో చిన్న ఖాళీ నడవాలు వస్తాయి. ఆ నడవాలో నడిచే లోపు డిస్క్‌నుంచి తర్వాతి ప్రాంతం లోడ్ అవుతుంది. ఎదురుచూపును కూడా నడకగా మార్చిన పని అది. అప్పట్లో నేనది గమనించనే లేదు.

చూడాల్సిన చోట్లలో మార్బుల్ గ్యాలరీలోని గడియారం గది నా మొదటి ఎంపిక. పెద్ద గడియారం, రెండు పక్కలా విగ్రహాలు. ఒక విగ్రహం నిమిషం మారినప్పుడు తప్పుకుని దారి ఇస్తుంది, ఇంకోటి కాలాన్ని ఆపే గడియారం వాడితే గాని కదలదు. క్యాటకోంబ్స్ అనే భూగర్భ సమాధుల్లో గ్రాన్ఫలూన్ చూసి తీరాల్సిందే. మనుషుల శవాలు అతుక్కున్న పెద్ద బంతి అది. కొడుతుంటే శవాలు ఊడి కింద పడి లేచి మనవైపు నడుస్తాయి. ఆ పక్కనే గబ్బిలంలా ప్రతిధ్వనితో దారి పట్టే శక్తి లేకపోతే ఏమీ కనబడని చీకటి, నిండా ముళ్ళు. కొలోసియం మామూలుగా ఉంది, ఇద్దరు పహిల్వాన్లతో ఒక కుస్తీ, అంతే. గనులు విసుగు.

ఇక నేను మొదటిసారి పోగొట్టుకున్న సగం. సింహాసనం గదిలో ఉన్నది రిక్టర్ బెల్మాంట్, ఒకప్పుడు డ్రాక్యులాను చంపినవాడు. ఇప్పుడు కోటకు తానే ప్రభువునంటున్నాడు. అతన్ని చంపేస్తే కథ అక్కడితో ముగిసినట్టే ముగుస్తుంది. ఎవరూ "ఆగు" అని అనరు. నేను అదే చేశాను. నిజానికి అతన్ని ఇంకెవరో ఆడిస్తున్నారు. అది కనబడాలంటే, రిక్టర్‌ను వెతుక్కుంటూ కోటకొచ్చిన మరియా అనే అమ్మాయి ఇచ్చే కళ్ళద్దాలు కావాలి. ఆమె ఇవ్వాలంటే బంగారు ఉంగరం, వెండి ఉంగరం రెండూ పెట్టుకోవాలి. రెండు ఉంగరాల మీద ముక్కలుగా రాసిన మాటలు కలిపి చదివితే గడియార స్తంభంలో ధరించమని అర్థమొస్తుంది. నేను బుద్ధిగా క్లాక్ టవర్ అనే ప్రాంతానికి వెళ్ళి, ప్రతి మూలా నిలబడి, ఉంగరాలు మార్చి మార్చి పెట్టుకుని చూశాను. ఏమీ జరగలేదు. అసలు చోటు ఆ మార్బుల్ గ్యాలరీ గడియారం గదే. దారి చూపే బోర్డు తప్పుగా పెట్టిన ఊళ్ళో తిరిగినంత కోపం వచ్చింది. చివరికి గది నేల తెరుచుకుంది, మరియా కనబడింది, కళ్ళద్దాలు దొరికాయి. వాటితో చూస్తే రిక్టర్ చుట్టూ ఒక పచ్చటి గోళం తిరుగుతోంది. కొట్టాల్సింది దాన్ని, మనిషిని కాదు.

తర్వాత ఆకాశంలో మేఘాల్లోంచి ఇంకో కోట దిగింది. అదే కోట, తలకిందులుగా. నిన్నటి నేల ఇవాళ్టి పైకప్పు. మెట్లు నెత్తిమీద వేలాడుతుంటాయి, గబ్బిలంగా మారకపోతే చాలా చోట్లకి చేరలేం. ఒకే కోటను తిరగేసినా నడవగలిగేలా ముందునుంచే గదులు కట్టుకొచ్చారంటే, ఆ లెక్క వేసినవాళ్ళకి దండం పెట్టాలి. దర్శకుడు తోరు హగిహారా, పక్కన పనిచేసి తర్వాత ఈ తరహా ఆటలకు పేరుగా మారిన కోజీ ఇగరాషీ.

అయితే యాత్రికుడిగా నా తీర్పు వేరు. మొదటి కోటలో ప్రతి గది ఏదో చెబుతుంది. రెండో కోటలో గదులు మూగగా ఉంటాయి. కొట్టు లేదు, మాట్లాడేవాళ్ళు లేరు, చాలా చోట్ల అదే సంగీతం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ముసలాయన దగ్గరికి పోవాలంటే లైబ్రరీ కార్డు వాడాలి, వాడితే మళ్ళీ పై కోటదాకా ఎక్కి రావాలి. గెలమాత్ లాంటి మెరుపుల రాక్షసుణ్ణి చూసేసరికి నేను కొట్టాను, తిన్నాను, చచ్చాను, మళ్ళీ వెళ్ళాను. అయినా ఒక మూల గదిలో నా సొంత కత్తి దొరికింది. గుమ్మం దగ్గర లాక్కున్నదే. ఈ ఒక్క వస్తువు కోసం నేను ఇన్నేళ్ళు వెనకబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. మిగతా సామాను కూడా ఇక్కడే చెల్లాచెదురుగా ఉంది. మొదటి కోటలో ఎన్ని గోడలు పగలగొట్టినా దొరకనిది అందుకే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా మాట ఇది. మొదటి కోటలో తొందరపడకుండా తిరగండి, తలకిందుల కోటలో ఆగకుండా తిరగండి. ఎంత కోట చూశామో చెప్పే మ్యాప్ శాతం 200 దాటుతుందని చెప్తే నమ్మండి, రెండు కోటలు కాబట్టి. నాది 190 దగ్గర ఆగింది. మిగిలిన గదులు ఎక్కడున్నాయో వెతికి చూసుకోదల్చుకోలేదు.

ఆఖరి పోరాటానికి ముందు చేతిలో ఒకే లైబ్రరీ కార్డు మిగిలింది. దాన్ని వాడి మొదటి కోటకు దిగి, కొట్లో ఏమీ కొనకుండా, నడుచుకుంటూ ప్రార్థనా మందిరానికి పోయాను. చెక్క గదిలో కూర్చున్నాను. కాసేపటికి అవతలి వైపు ఎవరో వచ్చి కూర్చున్నారు. మంచి ఫాదరో, ఈటెల ఫాదరో తెలీలేదు. ఈసారి లేవలేదు.

తెర మూసుకుంది.