జర్మనీ అమ్మ నుంచి ఉగాండా అబ్బాయి దాకా: చైల్డ్ స్పాన్సర్‌షిప్ మీద మా ఇంటి రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఇలాంటివి బయట రాసుకోవడం మా ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చదు. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని సండే స్కూల్లో వింటూ పెరిగినవాళ్లం. కానీ డాలస్‌లో మేం వెళ్లే తెలుగు సంఘంలో (అంటే చర్చిలో) ఈమధ్య నలుగురైదుగురు "మీరు ఆఫ్రికాలో ఎవరో అబ్బాయికి నెలనెలా పంపిస్తారట కదా, అది నిజంగా చేరుతుందా, లేక అంతా ఫోటోల వ్యాపారమా?" అని అడిగారు. ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో బిర్యానీ ప్యాకెట్ పట్టుకుని ప్రతివాళ్లకూ అరగంట చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి, పేరు పెడితే రివ్యూ పోయి గొడవ మిగులుతుంది. అమెరికాలో ఈ పని చేసే క్రిస్టియన్ సంస్థల్లో అదొకటి అనుకోండి చాలు.

మొదలైంది 2017లో. ఒక క్రిస్టియన్ మ్యూజిక్ కాన్సర్ట్‌కు వెళ్తే ఇంటర్వెల్‌లో వలంటీర్లు వరుసల మధ్యకు వచ్చి పిల్లల ఫోటోలున్న ప్యాకెట్లు పంచారు, మా పాప ఒకటి పట్టుకుని ఇక వదల్లేదు. ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఏడేళ్లు. నాకైతే ఎవరో ఎందుకు, మన గుంటూరు జిల్లా పిల్లల్ని చూద్దామని ఉండేది. కానీ ఆ సంస్థ జాబితాలో ఇండియా లేదు. అదే ఏడాది మార్చిలో, ఇలాంటి స్పాన్సర్‌షిప్‌లే నడిపే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రిస్టియన్ సంస్థ కూడా ఇండియాలో పని ఆపేసింది. విదేశీ నిధులకు ముందస్తు అనుమతి కావాలని ప్రభుత్వం పెట్టిన షరతు తర్వాత డబ్బు లోపలికి రాక, లక్షా నలభై వేలకు పైగా పిల్లల స్పాన్సర్‌షిప్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. మన వైపు సంఘాల్లో కంపాషన్ సెంటర్లు నడిపినవాళ్లను అడిగితే ఇప్పటికీ ఆ మాట బరువుగా చెప్తారు. సరే, అమ్మాయి ఫిలిప్పీన్స్‌దే అయింది.

రెండేళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ కుటుంబం వేరే ఊరికి వెళ్లిపోయింది, పాప ప్రోగ్రాంలో లేదు, మీ ప్రేమకు ధన్యవాదాలు. కింద ఇంకో పిల్ల ఫోటో, "కొనసాగించండి" అని బటన్. ఆన్‌లైన్‌లో చీర స్టాక్ అయిపోతే ఇంకో రంగు చూపిస్తారే, అచ్చం అలా. చివరిగా ఒక ఉత్తరం రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయి చాలా మర్యాదగా కుదరదంది. మా పాప రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పిల్లలు చదువు మధ్యలో వెళ్లిపోవడం, ఊళ్లు మారడం మామూలే, అది సంస్థ తప్పు కాదు, కానీ మొదటి రోజే ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. ఈ ఒక్క విషయానికే ఒక స్టార్ కట్.

తర్వాత వెబ్‌సైట్‌లో మేమే వెతుక్కున్నాం. దేశం, వయసు, ఆడా మగా, పుట్టినరోజు అన్నీ ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. పక్కన కూర్చున్న మా ఆవిడ, "ఏంటండీ ఇది, పెళ్లి సంబంధాల సైటులా ఉంది" అంది. నవ్వాం గానీ ఆ ఇబ్బంది ఇద్దరికీ ఉండిపోయింది. ముద్దుగా ఉన్న చిన్నపిల్లలు గబగబా వెళ్లిపోతారు, పదేళ్లు దాటినవాళ్లు, ముఖ్యంగా మగపిల్లలు, నెలల తరబడి అక్కడే కనిపిస్తుంటారు. ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్నవాళ్లు అనే ఆప్షన్ కూడా ఉంటుంది. ఎంచుకోవడం మనవల్ల కాకపోతే అది నొక్కండి. మేం అంత గొప్పవాళ్లం కాదు, మా పాప తన పుట్టినరోజే ఉన్న ఉగాండా అబ్బాయిని పట్టుకుంది. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. వాడి పేరు కూడా రాయను, అడగొద్దు.

డబ్బు సంగతి. నెలకు 40 డాలర్లకు కాస్త అటూ ఇటూ, కార్డు మీద దానంతటదే కట్ అవుతుంది. ఇది దశమభాగంలో (సంపాదనలో దేవునికిచ్చే పదో వంతులో) లెక్కా, దానిపైన ఇచ్చే కానుకా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. చివరికి దశమభాగం సంఘానిదే, ఇది వేరు అని తేల్చాం, బదులుగా ఓటీటీలు రెండు తీసేశాం. చాలామంది అనుకున్నట్టు ఆ 40 డాలర్లు ఎవరూ ఆ పిల్లాడి చేతిలో పెట్టరు. కొన్ని సంస్థలు ఆ ప్రాంతం మొత్తానికి కలిపి ఖర్చు పెడతాయి, బోరు, బడి, ఆరోగ్య కార్యక్రమాలు ఇలా. అక్కడ ఫోటోలోని పిల్లాడు ఒక ముఖం మాత్రమే. కొన్ని స్థానిక సంఘం ద్వారా ఆ పిల్లాడి ఫీజులు, యూనిఫాం, వైద్యం చూస్తాయి. మీది ఏ రకమో చేరే ముందే అడగండి. వెనకాముందూ చెప్తుంటే అక్కడితో వదిలేయండి. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు, సంస్థ పెద్ద జీతం ఎంతో కూడా అందులో ఉంటుంది. సంఘం హోదా ఉన్నవాళ్లకు అది ఇవ్వక్కర్లేదు, అలాంటప్పుడు ఆడిట్ రిపోర్టు అడగండి. ఆఫీసులో మ్యాచింగ్ (మనం ఇచ్చిన దానికి కంపెనీ కూడా జత చేయడం) ఉంటే అప్లై చేయండి, మతసంస్థలకైతే ఇవ్వం అనే కంపెనీలూ ఉన్నాయి, మా కంపెనీ అదే జాతి.

పని చేస్తుందా అంటే, చేస్తుందనే చెప్పాలి. కంపాషన్ కార్యక్రమం మీద 2013లో విడిక్, గ్లూవీ, రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. ఉగాండా, ఇండియా సహా 6 దేశాల్లో పదివేల మందికి పైగా వివరాలు సేకరించి, చిన్నప్పుడు స్పాన్సర్‌షిప్ దొరికినవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేల్చారు. ఏడాదేనా అని మా తమ్ముడు పెదవి విరిచాడు. టెన్త్ దగ్గర ఆగిపోయినవాడికీ ఇంటర్ దాకా వెళ్లినవాడికీ తేడా ఏంటో మన ఊళ్లో చూసినవాడు అలా అనకూడదు.

ఇంతకీ ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం మా నాన్న.

నాన్న 1970ల్లో గుంటూరు దగ్గర మిషన్ బోర్డింగులో చదువుకున్నాడు. మాది లూథరన్ల (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఇలాకా, 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ బడులు, బోర్డింగులు ఆ నేల మీద ఉన్నాయి. అప్పట్లో బోర్డింగు పిల్లల్లో చాలామందికి జర్మనీలో ఎవరో ఒకరు డబ్బు కట్టేవారు. 1959లో డూయిస్‌బర్గ్‌లో పుట్టిన కిండర్‌నోట్‌హిల్ఫె అనే సంస్థ మొదలుపెట్టిందే ఇండియా పిల్లలతో. నాన్నకు కట్టింది ఆ సంస్థ ద్వారానో మరొకరి ద్వారానో ఆయనకు తెలీదు, ఆయనకు తెలిసిందల్లా "జర్మనీ అమ్మ". క్రిస్మస్‌కు కార్డు వచ్చేదట, ఇంటి కప్పు మీదంతా తెల్లగా. మంచు ఎప్పుడూ చూడని పిల్లాడు అది దూది అనుకున్నాడు. పత్తి పండే ఊరి పిల్లాడు కదా, వాళ్లకు మనకన్నా దిగుబడి బాగుందని కూడా అనుకున్నాడట.

2022 వేసవిలో నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఉగాండా ఉత్తరాలన్నీ ముందు పెట్టాం. పైన వాళ్ల భాష లుగాండాలో పెన్సిల్ రాత, కింద ఇంగ్లీషు అనువాదం. నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, నా కోసం ప్రార్థించండి, నాకు ఫుట్‌బాల్ ఇష్టం. నాలుగు ఉత్తరాల్లోనూ ఇదే. పాపకు విసుగొచ్చి, "వీడికి మనమంటే ఇష్టం లేదు" అని తేల్చేసింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూసి గట్టిగా నవ్వాడు.

"ఒరేయ్, ఇది బోర్డు చూసి రాసిన ఉత్తరం రా."

శనివారం మధ్యాహ్నం వార్డెన్ గారు నల్లబల్ల మీద ఉత్తరం మొత్తం రాసేవారట, పిల్లలు వరుసగా కూర్చుని దించుకోవడం, పేర్లు మాత్రం ఎవరివి వాళ్లు. సాంబారు నీళ్లలా ఉందని రాయకూడదు, ఇంటి మీద బెంగ అని రాయకూడదు. నాన్నకు ఆ ఉత్తరాల్లో ఒక్కటీ గుర్తు లేదు, ఒకసారి తప్ప. జర్మనీ అమ్మ ఆ ఏడాది కార్డులో, మీ ఇంట్లో కుక్క ఉందా, దాని పేరేంటి అని అడిగింది. దానికి జవాబు బోర్డు మీద రాయడం వార్డెన్ గారి వల్ల కాదు కదా. నాన్న సగం పేజీ కుక్క గురించే రాశాడు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ కుక్క పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

"వాడికి కూడా వార్డెన్‌కు తెలియనిది అడగండమ్మా" అని మనవరాలికి చెప్పాడు.

అప్పటిదాకా మేం రాసినవి చూసుకుంటే సిగ్గేసింది. బాగా చదువుకో, దేవుడు నిన్ను దీవించును గాక, ఇదిగో మా డిస్నీ ఫోటో. మేమూ బోర్డు చూసే రాస్తున్నాం. సంస్థ యాప్ ఇచ్చే రెడీమేడ్ వాక్యాలే మా బోర్డు. ఉగాండాలో బడులు 2020 మార్చిలో మూసి 2022 జనవరి దాకా పూర్తిగా తెరవలేదు, ప్రపంచంలో అంతకాలం మూసింది వాళ్లే. ఆ రెండేళ్లూ మేం వాడికి "బాగా చదువుకో" అనే రాశాం! మామయ్యతో ఇటుకల బట్టీకి వెళ్లానని తర్వాతెప్పుడో వాడే రాశాడు.

నాన్న మాట విని మా పాప, మీ ఇంటి ముందు ఏ చెట్టుంది, దాన్ని ఎవరు ఎక్కుతారు అని అడిగింది. జవాబుకు నాలుగు నెలలు పట్టింది (అనువాదం, పరిశీలన, అటూ ఇటూ కలిపి అంతే పడుతుంది, వాట్సాప్‌లా అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు). ఈసారి పేజీ నిండా ఉంది. పనస చెట్టు, వాళ్ల భాషలో ఫెనె అంటారట. వాడికంటే వాళ్ల చెల్లి బాగా ఎక్కుతుందట, పాలు అంటుకున్న చేతులు గోడకు తుడిస్తే అమ్మ కొడుతుందట. పక్కన బొమ్మ, కాయలు మాను మీదే, మన పనసలాగే. కొమ్మ మీద గౌను వేసుకున్న పిల్ల, కింద చేతులు చాచి నిలబడ్డవాడు బహుశా వాడే. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది.

ఇంకొన్ని చిన్న విషయాలు. పుట్టినరోజుకు అదనంగా పంపితే దాంతో ఏం కొన్నారో ఫోటో వస్తుంది, మాకు పరుపూ రెండు కోళ్లూ పట్టుకుని నవ్వుతున్న కుటుంబం వచ్చింది. అడ్రసులు, ఫేస్‌బుక్ పరిచయాలు ఇవ్వరు, ఉత్తరాలు రెండు వైపులా చదువుతారు. ఇది పిల్లల భద్రత కోసం, దీని మీద అలగొద్దు. నచ్చనిది మార్కెటింగ్. క్రిస్మస్ ముందు, పేద కుటుంబాలకు కానుకగా కొనివ్వమంటూ మేకల కేటలాగు, ఇంకో పిల్లను తీసుకోండి అని వారానికో ఈమెయిల్. ఇచ్చేవాడి గుండె ఎక్కడ మెత్తగా ఉంటుందో వీళ్లకు బాగా తెలుసు. అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టాను, ఉత్తరాలు మాత్రం ఉంచుకున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను. ఉత్తరాలు రాసే తీరిక లేనివాళ్లు ఇందులో చేరకండి. అదే డబ్బు మీకు తెలిసిన ఏ హాస్టలుకో ఇచ్చేయండి, పిల్లాడిని ఎదురుచూసేలా చేయొద్దు.

వీటిలో చాలా సంస్థలు కొరియా యుద్ధం రోజుల్లో అక్కడి అనాథల కోసం మొదలయ్యాయి, వరల్డ్ విజన్ 1950లో, కంపాషన్ 1952లో. ఇప్పుడు కొరియా వాళ్లే మిగతా దేశాల పిల్లలకు కడుతున్నారు. ఈ మాట నాన్నకు చెప్తే, "మనమూ అంతేగా" అని టీ కప్పు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

పోయిన నెల వాడి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు పద్నాలుగేళ్లు, ఇంగ్లీషులో తనే రాస్తున్నాడు. చివర్లో ఒక ప్రశ్న ఉంది: మీ ఇంటి ముందు ఏ చెట్టుంది, దాన్ని ఎవరు ఎక్కుతారు? మా ఇంటి ముందున్నది హెచ్ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల అసోసియేషన్) వాళ్లు నాటించిన ఓక్ చెట్టు. ఎవరైనా ఎక్కితే నోటీసు వస్తుంది. రేపు ఎవరూ చూడకుండా ఎక్కి వస్తానంటోంది మా పాప.